తలుపు తీసేది దొంగే

మీ ఖాతాకు తాళం పడింది. కంగారు పడకండి, మీ భద్రత కోసమేనట. ఇక మీరు చేయాల్సిందల్లా మీరు మీరేనని నిరూపించుకోవడం. పుట్టినప్పటి నుంచీ మీతోనే ఉంటున్నారు గదా, అదేం పెద్ద పని అనుకుంటారు. పాపం.

'పాస్‌వర్డ్ మర్చిపోయారా?' అని తెర ఆప్యాయంగా అడుగుతుంది. అవునంటే ఓటీపీ పంపాం చూసుకోమంటుంది. పంపిన మాట నిజమే, రీఛార్జి చేయక ఎప్పుడో వదిలేసిన నంబరుకు. రద్దయిన నంబరును కనీసం 90 రోజుల పాటు మరొకరికి ఇవ్వకూడదని టెలికాం నిబంధన. ఆ తర్వాత అది ఎవరి చేతికైనా పోవచ్చు. అలా మీ ఓటీపీ ఏ నెల్లూరు ఆసామి జేబులోనో టింగుమంటుంది. యంత్రం లెక్కలో ఆయనే మీరు. మీరేమో దారిన పోయే దానయ్య. నంబరు మార్చుకుంటానంటే లోపలికెళ్లి సెట్టింగ్స్‌లో మార్చుకోమంటుంది. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తాళం వేసినట్టుంది, అదీ లక్షల జీతాలిచ్చి వేయించిన తాళం!

సరే, ముందు మీరు మనిషేనా? తొమ్మిది గళ్ల బొమ్మ వస్తుంది. ఫైర్ హైడ్రెంట్లు ఎక్కడున్నాయో గుర్తుపట్టాలి. గుంటూరు బ్రాడీపేటలో పుట్టి పెరిగినవాడు అమెరికా వీధిలోని ఎర్ర గొట్టాన్ని పోల్చుకోలేకపోతే వాడు రోబో. ఈ పరీక్షకు క్యాప్చా అని పేరు పెట్టింది కార్నెగీ మెలన్ పండితులు. మనిషిని యంత్రం ఎదుట నిలబెట్టి సాక్ష్యం అడగడమన్న ఆచారం అలా స్థిరపడింది.

తర్వాత గుర్తింపు కార్డు. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ వేరువేరుగా రాయాలి. మనకేమో ఇంటిపేరు ముందుంటుంది. పదో తరగతి సర్టిఫికెట్లో అది పూర్తిగా ఉంటుంది, ఆధార్లో ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది, పాన్ కార్డులో వెనక్కి నడుస్తుంది. 'వివరాలు సరిపోలలేదు.' ముగ్గురూ మీరే, కానీ ముగ్గురికీ ఒకరితో ఒకరికి పరిచయం లేదు.

ఇన్ని కాపలాలు దాటి దొంగ లోపలికి ఎలా వెళ్తాడంటారా? వాడికి మీకున్నంత అమాయకత్వం లేదు. 2008లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీచేస్తున్న సారా పేలిన్ యాహూ మెయిల్‌లోకి ఒక కాలేజీ కుర్రాడు దర్జాగా వెళ్లాడు. పుట్టిన తేదీ, పిన్‌కోడ్, భర్తను మొదట ఎక్కడ కలిశారన్న ప్రశ్న: అన్నిటికీ జవాబులు బహిరంగంగానే దొరికాయి. మన బ్యాంకులు ఇష్టంగా అడిగిన 'మీ అమ్మగారి పుట్టింటి పేరు' మాత్రం రహస్యమా? మేనమామ తెలిసిన ప్రతివాడికీ తెలుసు.

ఫిర్యాదు చేద్దామా? 2021 ఐటీ నిబంధనల ప్రకారం సోషల్ మీడియా సంస్థలు ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, గడువులోగా పరిష్కరించాలి. మొదటి సగం మాత్రం తు.చ. తప్పకుండా అమలవుతుంది. అందిందన్న కబురు యంత్రమే పంపుతుంది, దీనికి జవాబివ్వవద్దన్న హితవుతో సహా.

చివరికి విసిగి కస్టమర్ కేర్ నంబరు నెట్‌లో వెతుకుతారు. ఇక్కడే అద్భుతం. మొదటి రింగుకే ఎత్తుతాడు! 'చెప్పండి సార్' అంటాడు, అదీ తెలుగులో. మధ్యలో సంగీతం లేదు, తొమ్మిది నొక్కమనడం లేదు, మీరెవరో రుజువు చూపమనడం అసలే లేదు. మీ బాధంతా ఓపిగ్గా విని, ఒక చిన్న యాప్ వేసుకోమంటాడు. జీతం దండగని సంస్థలు ఖాళీగా వదిలేసిన కుర్చీలో సైబర్ దొంగ కూర్చుని చక్కగా డ్యూటీ చేస్తున్నాడు. ఇంత మంచి సర్వీసు ఆ సంస్థలకు ఇంతవరకూ చేతకాలేదు.

డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు వెంటనే ఫోన్ చేయండి, ఆలస్యమైతే దొరకడం కష్టం. ఖాతా పోయిందని సంస్థకు చెప్పాలంటే మాత్రం ముందు లాగిన్ అవ్వాలి.