మిగిల్చేది నా పని

సొరుగులో నా పక్కన ఒక పళ్ళు విరిగిన దువ్వెన, ఎండిపోయిన పటిక ముక్క, బ్లేడు చుట్టిన కాగితాలు నాలుగు, ఎవరో మరిచిపోయిన తాళంచెవి ఉన్నాయి. కేసముద్రం స్టేషన్ రోడ్డులో ఒక కటింగ్ షాపు అద్దం కింద ఉంది ఈ సొరుగు. ముప్పై ఎనిమిదేళ్లు అద్దం ముందు పనిచేసిన కత్తెరను నేను.

పుట్టింది మీరట్‌లో. అక్కడ కత్తెరల కోసమే ఒక బజారు ఉంది, కైంచీ బజార్ అంటారు. పాత లారీల, బస్సుల, రైళ్ల ఇనుమును కాల్చి, కొట్టి మా రెక్కలు చేస్తారు. పాత ఇత్తడి గిన్నెలు కరిగించి పిడులు పోస్తారు. నాలోని ఉక్కు ఒకప్పుడు ఏ బండిని మోసిందో నాకు తెలియదు. అక్కడివాళ్ళు మా గురించి చెప్పుకునే మాట ఒకటి మాత్రం గుర్తుంది: తాత కొంటే మనవడు వాడుకోవాలి.

1986లో మా పెద్దాయన నన్ను వరంగల్‌లో కొని, పాసింజరు బండిలో జేబులో పెట్టుకొని తెచ్చాడు. వాళ్ళ నాయన కాలంలో కత్తెరకు ఇంత పని లేదట. చంకన పొది పెట్టుకొని ఇల్లిల్లూ తిరిగి, వేపచెట్టు కింద పీట మీద కూర్చోబెట్టి కత్తితో గీసేవాడట. ఏడాదికోసారి కళ్ళం దగ్గర మేర గింజలు కొలిస్తే మూట కట్టుకునేవాడు. నిజాం కాలంలో గడీలలో చేసిన పనికి ఆ గింజలు కూడా లేవు, వెట్టి. ఆయన కొడుకైన మా పెద్దాయన స్టేషన్ దగ్గర నాలుగు రేకులు వేసి, కుర్చీ వేసి, తలకు ఇంత అని చెప్పి డబ్బు తీసుకున్న మొదటి రోజున ఆ చేతిలో ఉన్నది నేను. నా పిడి తుడిచినప్పుడల్లా పెద్దాయన ముఖంలో ఒక ధీమా కనిపించేది. అది వాళ్ళ నాయనకు దక్కని ధీమా.

ఈ ఊరి తలలన్నీ నాకు తెలుసు. మార్కెట్ యార్డుకు పసుపు వచ్చే రోజుల్లో హమాలీల జుట్టు కోస్తే నేల మీద పడే వెంట్రుకలు పచ్చగా ఉండేవి. మిరప రోజుల్లో ముందు తల కడుక్కొని రమ్మని పంపేవాడు పెద్దాయన. పత్తి రోజుల్లో చెవుల పక్కన తెల్లగా ఉంటే అది నెరుపో దూదో దువ్వితే గాని తెలిసేది కాదు. నేను వచ్చిన కొత్తలో పోరగాండ్లంతా స్టెప్ కటింగ్ అడిగేవాళ్ళు. వెనక జుట్టు మెట్లు మెట్లుగా దిగాలి, చెవులు సగం మూయాలి. పెద్దాయన చేయి ఆ మెట్ల మీదే తిరిగి తిరిగి పదునెక్కింది. ఆ పోరగాండ్లే ముప్పై ఏళ్ళ తర్వాత నెరిసిన తలలతో వచ్చి కూర్చున్నారు. మెట్లు కనిపించకుండా పొరలు పొరలుగా ఎలా తీయాలో అప్పటికి మా ఇద్దరికీ వచ్చేసింది.

నెరిసిన జుట్టు, అందులోనూ దట్టమైనది, తేలిగ్గా లొంగదు. వెంట్రుక కుదుట్లో రంగు చేసే కణాలు పని మానేస్తే వెంట్రుక తెల్లగా వస్తుంది. వయసుతో నెత్తిన నూనె ఊరడం కూడా తగ్గి అది పొడిబారి, బిరుసెక్కి, దువ్విన వైపు పడుకోనంటుంది. అన్నీ ఒకే పొడవుకు కోస్తే చెవుల మీద గుబురుగా లేచి, తల వెడల్పుగా, మనిషి పొట్టిగా కనిపిస్తాడు. అందుకని నడినెత్తి జుట్టును రెండు వేళ్ళ మధ్య పట్టి పైకి లేపి మూడంగుళాలు ఉంచాలి. పక్కలకు దిగేకొద్దీ తగ్గించుకుంటూ చెవి దగ్గర అరంగుళానికి తేవాలి. మెడ మీద దువ్వెన పెట్టి, దువ్వెన దాటి వచ్చిన దాన్నే తీయాలి. కొసలు అడ్డంగా నరకకూడదు. నా మొనలు నిలువుగా పెట్టి కొరికినట్టు తీయాలి, అప్పుడే ఒక పొర ఇంకో పొరలో కలిసిపోతుంది. తడి జుట్టు సాగి పొడుగ్గా కనిపిస్తుంది, ఆరితే పైకి లేస్తుంది. అందుకే పెద్దాయన తెల్లజుట్టును ఎప్పుడూ ఒక గోరంత పొడుగు ఉంచి, ఆరాక మళ్ళీ చూసేవాడు. పళ్ళున్న కత్తెర ఒకటి నాకు తోడుండేది. దాన్ని కుదుళ్ళ దగ్గరికి పోనిచ్చేవాడు కాదు. అక్కడ తెగిన తెల్ల మొలకలు నిక్కబొడుచుకొని పైజుట్టును ఎత్తిపడేస్తాయి. సుడి దగ్గరైతే నన్ను దాదాపు మూసే పట్టుకునేవాడు.

"తీసింది నేల మీద పడతది. ఉంచింది మనిషి ఎంబడి పోతది," అనేవాడు కొడుక్కి. నా పని మీద నేను విన్న మాటల్లో నాకు ఇష్టమైనది అదే.

నాకు గర్వమైన పని ఒకటి చెబుతాను.

రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల మీద ముప్పై ఏళ్ళు నడిచిన మనిషి. తల నిండా జుట్టు. యాభై దాటిన దగ్గర్నుంచి నెలనెలా రంగు వేయించుకునేవాడు. రిటైరయ్యాక కూడా మానలేదు. 2020 మార్చి మొదట్లో వేసుకున్న రంగుకు చెవుల వెనక దద్దుర్లు లేచి, కనురెప్పలు వాచాయి. నల్లరంగుల్లో ఎక్కువగా వాడే పారా ఫినిలిన్ డయమిన్ అనే పదార్థం కొందరికి అలా పడదు. ఏళ్ళ తరబడి పడి, ఒకరోజు ఉన్నట్టుండి పడకపోవచ్చు కూడా. ఆ నెలలోనే లాక్‌డౌన్ వచ్చి షాపు మూతపడింది. మే నెల మూడో వారంలో షట్టరు తీస్తే, మొదటి నాలుగు రోజుల్లోనే వచ్చి కూర్చున్నాడు. వెంట్రుక నెలకు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. ఆయన తల మీద కింద అంగుళం తెలుపు, పైన రంగు వెలిసిన ఎర్రటి నలుపు. గడ్డం మాత్రం మొత్తం తెల్లగా, మెడ దాకా దిగి ఉంది. అద్దంలోకి చూడలేక తల వంచుకొని కూర్చున్నాడు.

"గుండు చెయ్యి తమ్మీ. ఇగ ముసలోన్నైన."

"గుండెందుకే అన్నా. కొంచెం ఓపిక పట్టు, నీ జుట్టే నీకు ఇప్పిస్త."

ఆరు నెలలు పట్టింది. వచ్చిన ప్రతిసారీ నల్ల కొసలు కొంత, కొంతే తీశాం. పక్కలు పొట్టివి కనుక ముందు తెల్లబడ్డాయి. పైన నలుపు, కింద తెలుపు వికారంగా విడిపోకుండా ప్రతిసారీ పొరలు మార్చి కలపాలి. ఆ ఆరు నెలల్లో ఏ నెలా ఆయన జనంలో తల దించుకొని తిరగాల్సిన అవసరం రాలేదు. దీపావళి నాటికి ఆఖరి నల్ల కొస నేల మీద పడింది. ఇక గడ్డం. కణతల దగ్గర చెవి ముందు జుట్టు పలచగా మొదలై, దవడకు వచ్చేసరికి చిక్కబడి, గడ్డం కిందికి నిండుగా దిగాలి. తల ఎక్కడ ఆగిందో, గడ్డం ఎక్కడ మొదలైందో కంటికి తెలియకూడదు. మెడ మీద గొంతుముడికి రెండు వేళ్ళు పైన గీత. మీసం పెదవి అంచుదాకా. బీడీ పొగకు పసుపెక్కిన మీసం కొసల్ని నా మొనలతో ఒక్కొక్కటే తీశాం. ఆరిన తర్వాత ఆయన అద్దంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"మా నాయిన లెక్కున్న," అన్నాడు.

ఆ రోజు సాయంత్రం పెద్దాయన నన్ను కొబ్బరినూనెతో తుడిచి, మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టాడు.

షాపుకు మంగళవారం సెలవు. ఆ రోజు నాకు సేవ. మర దగ్గర ఇరుక్కున్న వెంట్రుకలు సూదితో తీసేవాడు. ఒక పిడి పట్టుకొని రెండో రెక్కను బార్లా తెరిచి వదిలేవాడు. అది గబుక్కున పడిపోతే మర వదులు, అసలు కదలకపోతే బిగువు. సగంలో ఆగాలి. సైకిలుకు సానరాయి కట్టుకొని వచ్చేవాడొకడు ఆ రోజే ఈ వీధిలో కేక పెట్టేవాడు. ఇంట్లోవాళ్ళు కూరగాయల కత్తులిస్తే పెద్దాయన నన్ను స్వయంగా పట్టుకెళ్ళి, రాయి మీద నా వాలు చెడకుండా దగ్గర నిలబడి చూసేవాడు.

కొడుకు చేతికి నేను నచ్చలేదు. మిషన్ కొన్నాడు. దాని మీద నాకు పగ లేదు. 2021 ఏప్రిల్ నుంచి కటింగ్ షాపులకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితమైనప్పుడు ఈ ఇంట్లో అందరికంటే ఎక్కువ సంతోషించింది పెద్దాయనే. పోరగాండ్లు అడిగే కటింగులకు మిషనే కావాలి. నా బాధంతా నన్ను వాడిన తీరు మీద. షాంపూ ప్యాకెట్లు నాతోనే కోసేవాడు. కొత్త తువ్వాళ్ళ ప్లాస్టిక్ సంచులు నాతోనే. వినాయక చవితికి థర్మోకోల్ నాతోనే. ఒకసారి సీరియల్ బల్బుల తీగ నా రెక్కల మధ్య పెట్టి నొక్కాడు. రాగి తీగ నా అంచు మీద రెండు చోట్ల గుంటలు పెట్టింది. వెంట్రుకను కోసే అంచు ఎంత సన్నదో చూస్తే, దాని మీద తీగ పెట్టడానికి ఎవరికీ చేయి రాదు. మీరట్ కత్తెరకు 2013లో భౌగోళిక గుర్తింపు ఇచ్చారని ఒక మంచి మాట ఈ షాపులో పేపరు చదివే వాళ్ళ నోట విన్నాను. ఆ వారమే నేను చెప్పుల పెట్టెకు కట్టిన తాడు కోశాను.

ఆఖరుసారి మేమిద్దరం పనిచేసింది 2024 సెప్టెంబరులో. ఆగస్టు ఆఖరు రాత్రి కురిసిన వానకు ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింది కంకర, మట్టి కొట్టుకుపోయాయి. సెప్టెంబరు 1న పట్టాలు గాలిలో వేలాడాయి. విజయవాడ వైపు బండ్లన్నీ ఆగిపోయాయి. రాత్రింబవళ్ళు కూలీలు, యంత్రాలు పనిచేసి నాలుగు రోజుల్లో దారి మళ్ళీ నిలబెట్టారు. ఆ తర్వాత వచ్చి కూర్చున్న గ్యాంగ్‌మన్ మాట్లాడుతూనే ఉన్నాడు.

"ఆ కంకరంత మేం నింపిందే తమ్మీ. ఒక్కరాత్రిల పోయింది."

"తల కదిలియ్యకే అన్నా."

ఆయన గొంతు వణికితే గడ్డం వణికింది. పెద్దాయన నన్ను వెనక్కి తీసి, ఆయన మాట అయ్యేదాకా ఆగాడు. తర్వాత పొరలన్నీ ఎప్పటిలాగే తీశాం.

ఆ చలికాలం పెద్దాయనకు పక్షవాతం వచ్చింది. కుడిచేయి పడిపోయింది. కొన్ని నెలలకు కొడుకు బండి మీద ఒకసారి షాపుకు తీసుకొచ్చాడు. ఎవరూ లేని వేళ చూసి, ఆయన అద్దం ముందు కూర్చొని ఎడమచేత్తో నన్ను తీసుకున్నాడు. తన కణత మీద జుట్టును కోయబోయాడు. నేను కుడిచేతి కత్తెరను. ఎడమచేతిలో బొటనవేలి ఒత్తిడికి నా రెక్కలు కరుచుకోవు, దూరం జరుగుతాయి. నాకు చేతనైనంతా చేశాను. వెంట్రుక తెగలేదు. రెక్కల మధ్య మడతపడి అలాగే నిలబడింది. మళ్ళీ నొక్కాడు. మూడోసారి కూడా. తర్వాత నన్ను గుడ్డతో తుడిచి, సొరుగు తీసి, తనే లోపల పెట్టాడు. నన్ను ఇక్కడ పెట్టింది కొడుకు కాదు.

గ్యాంగ్‌మన్ మొన్న వచ్చాడు. సొరుగు సందులోంచి కుర్చీ కాళ్ళు, ఆయన తెల్లటి పంచె అంచు కనిపించాయి.

"కత్తెరతోటి తియ్యరాదు బిడ్డా, మీ నాయిన లెక్క."

"మిషన్‌తోటైతే జల్దీ అయితది పెద్దబాపూ. మూడో నంబరు పెడ్త, నీట్‌గుంటది."

పది నిమిషాల్లో అయిపోయింది. తెల్లజుట్టు గుత్తులుగా నేల మీద పడింది. పైజుట్టు, పక్కజుట్టు, గడ్డం, అన్నీ ఒకే పొడవు. కుర్చీ కాసేపు కిర్రుమనలేదు. ఆయన లేవలేదని తెలిసింది. అరచేయి సుడి మీద రెండుసార్లు రాసుకున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత చిల్లర బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఈ వానాకాలానికి నా మర దగ్గర తుప్పు మొదలైంది. రెక్కలు సగంలో ఆగడం లేదు, అసలు కదలడం లేదు. ఇవాళ మంగళవారం. షట్టరు దించి ఉంది. సైకిలు గొలుసు చప్పుడు దగ్గరికొచ్చి, షాపు ముందు ఆగింది. "సాన పడతాం, కత్తులకు, కత్తెరలకు సాన" అని రెండుసార్లు పిలిచాడు. షట్టరును వేళ్ళతో తట్టి కాసేపు చూశాడు. సైకిలు మళ్ళీ కదిలింది. విజయవాడ వైపు గూడ్సు బండి ఒకటి స్టేషన్ దాటుతుంటే సొరుగులో తాళంచెవి, పటిక ముక్క, నేను కలిసి సన్నగా గలగలమన్నాం.