అడగనివాడికే బోనసు

కొంపల్లిలో పెళ్లి. ముహూర్తం రాత్రి పదకొండున్నరకి. మేం భోజనాల ముహూర్తం చూసుకుని ఎనిమిదింటికే వెళ్లాం. తిని, తాంబూలం సంచీతో బయటికొచ్చేసరికి మా కారు వెనక బంపర్ ఎడమ మూల లోపలికి పోయి, దొన్నెలా గుంట పడి ఉంది. వెళ్లేటప్పుడు లేదు. నేను గులాబ్ జామ్ రెండోసారి అడిగి వేయించుకున్న ఆ రెండు నిమిషాల్లోనే జరిగిందని మా ఆవిడ తేల్చేసింది.

వాచ్‌మన్‌ని పిలిచాను.

"నేను జూడలే సార్. గేటు కాడనే ఉన్న."

"సీసీ కెమెరా ఉందిగా?"

"ఉంది సార్. చెప్పుల కాడికి పెట్టిండ్రు."

నిజమే. ఆ ఫంక్షన్ హాల్లో చెప్పులకున్న భద్రత కార్లకు లేదు. కొట్టినవాడు కాస్త పెద్దమనిషై ఫోన్ నంబరు రాసి పెట్టాడేమోనని వైపర్ కింద చూశాను. కాగితం ఉంది. ప్లాట్ల కరపత్రం.

పోనీలే, ఫుల్ ఇన్సూరెన్స్ ఉందిగా అనుకుని పొద్దున్నే ఏజెంటుకి ఫోన్ చేశాను. ఏటా సంక్రాంతికి క్యాలెండరు ఇచ్చే మనిషి. దెబ్బ ఎలా తగిలిందనైనా అడగలేదు.

"మీ ఎన్‌సీబీ ఎంతలో ఉంది గురువుగారూ?"

నాకు తెలీదు. ఆయనే చూసి చెప్పాడు. నాలుగేళ్లుగా క్లెయిమ్ లేదు కాబట్టి 45 శాతంలో ఉన్నాను. ఈ ఏడాది కూడా గడిస్తే 50. అదే ఆఖరి మెట్టు. 20, 25, 35, 45, 50 అని వైకుంఠపాళిలా ఎక్కుతూ రావాలి. మధ్యలో ఎక్కడ క్లెయిమ్ చేసినా పెద్ద పామే, తిన్నగా సున్నాకి.

"తప్పు నాది కాదు కదయ్యా. బండి ఆగి ఉంది. నేను బంతిలో ఉన్నాను."

"దాని పేరు నో క్లెయిమ్ బోనస్ గురువుగారూ. నో తప్పు బోనస్ కాదు."

ఆ మాట రోజంతా నమిలాను. కంపెనీకి ఎవరు గుద్దారన్నది అక్కర్లేదు, నువ్వు డబ్బు అడిగావా లేదా అన్నదే లెక్క. మా పక్కింటాయన గేటు స్తంభాన్ని నెలకోసారి పలకరిస్తాడు. చేతి డబ్బుతో సొట్టలు తీయించుకుంటాడు. ఆయనది 50 శాతం. కంపెనీ దృష్టిలో ఆయన రథసారథి.

గ్యారేజీ మేస్త్రీ 9,200 అన్నాడు: బంపర్ 4,200, పెయింటు 3,000, లేబరు 2,000. బంపర్ ప్లాస్టిక్ కాబట్టి తరుగు కింద సగం కోత. జీరో డెప్ తీసుకుని ఉంటే ఆ కోత ఉండేది కాదు. మొదటేడు తీసుకున్నాను, రెండో ఏడు పొదుపు చేశాను. పెయింటులోనూ కొంత పోతుంది. పైగా 1500 సీసీ లోపు బండికి వెయ్యి రూపాయలు ఎలాగూ మనమే పెట్టుకోవాలి. అన్నీ పోగా కంపెనీ ఇచ్చేది 5,725.

ఇక పామువైపు లెక్క. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 9,000 అనుకుందాం. బోనసు దాని మీదే, థర్డ్ పార్టీ ప్రీమియంలో పైసా తగ్గదు. వచ్చే ఏడు 50 శాతం బదులు సున్నా. ఆపై ఏడు 20. మళ్లీ 50కి చేరేలోపు నేను వదులుకునేది మొత్తం 11,250. బండి విలువతోపాటు ప్రీమియం కూడా ఏటా కాస్త దిగుతుంది కాబట్టి ఓ వెయ్యో రెండు వేలో తగ్గించుకోండి. అయినా నా డబ్బు నేను అడిగి పుచ్చుకుంటే నాకే బొక్క.

"కొట్టినవాడు దొరికితేనో?" అన్నాను.

"వాడి థర్డ్ పార్టీ పాలసీలో ఎదుటివాడి ఆస్తికి 7.5 లక్షల దాకా పూచీ ఉంటుంది. ఎఫ్ఐఆర్ పెట్టి, వకీల్ని పెట్టుకుని, ట్రిబ్యునల్‌కి వెళ్లాలి."

బంపర్ కోసం ట్రిబ్యునల్! పారిపోయిన బండ్ల బాధితులకు సర్కారు సాయం కూడా ఉంది. 2022 ఏప్రిల్ నుంచి ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు. అయితే అది మనుషులకే. అందాలంటే ఆ రాత్రి నేను బంపర్‌కీ ఆ వచ్చిన బండికీ మధ్య నిలబడి ఉండాల్సింది.

అయినా మనసొప్పక క్లెయిమ్ ఫారం తెరిచాను. ప్రమాద సమయంలో బండి నడుపుతున్నది ఎవరు, లైసెన్సు నంబరు ఎంత? ఎవరూ లేరు. ప్రమాదం ఎలా జరిగింది? బండికి తెలుసు. ఎడమ తలుపు మీద నిరుడు ఆటోవాడు గీసిన గీత కూడా ఇందులో కలిపేద్దామా అని అడిగితే ఏజెంటు కంగారు పడ్డాడు. వేరే రోజు తగిలిన దెబ్బ వేరే క్లెయిమట, దానికి మళ్లీ వేరే వెయ్యి. ఫారం మూసేశాను.

"అంటే, ఆ గుద్దిపోయిన వెధవకి మాత్రం బోనసు పోదన్నమాట" అంది మా ఆవిడ. వాడికెందుకు పోతుంది? వాడూ అడగలేదుగా.

ఆ తర్వాత రెన్యువల్ తేదీ మరిచిపోయాను. పది రోజులు దాటింది. 90 రోజుల లోపే కాబట్టి బోనసు బతికింది కానీ, పాలసీకి ముందు బండిని చుట్టూ ఫోన్లో వీడియో తీసి పంపమన్నారు. తీసి పంపాను. వెంటనే ఓ కుర్రాడు ఫోన్ చేశాడు.

"సార్, వెనక ఎడమ మూల ఇంకొంచెం దగ్గరగా తీయండి."

తీశాను. పాలసీ వచ్చింది, 50 శాతం బోనసుతో. బంపర్ సొట్టని పాత దెబ్బ అని రాసుకున్నారు. ఇకమీదట దాని ఖర్చుతో తమకు సంబంధం లేదని దానర్థం. ఇన్ని నెలలకి దాన్ని కంపెనీవాళ్లు ఒక సొట్టగా గుర్తించారు.

దసరాకి మా ఆవిడ బండికి పసుపు కుంకుమ పెట్టి పూజ చేసింది. చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాక ఒకటి మిగిలింది. బానెట్ మీద పెడితే దొర్లిపోయింది, డిక్కీ మీద పెడితే దొర్లిపోయింది. బంపర్ సొట్టలో పెట్టింది. అచ్చంగా అమిరి కూర్చుంది.