డివైడర్ అవతలి దొంగ

మా ఇల్లు ఉన్నచోటే ఉంది. పోలీసులే దాని మీదుగా అటూ ఇటూ కదులుతున్నారు. మొదట సైబరాబాద్ కమిషనరేట్ వాళ్లం. 2016లో ఒక పొద్దున లేచేసరికి రాచకొండ వాళ్లమయ్యాం. రేచర్ల పద్మనాయకుల కోట పేరు కదా, కాస్త రాచమర్యాద దక్కుతుందేమో అనుకున్నాం. ఇప్పుడా రాజ్యమూ పోయింది, మల్కాజిగిరి వాళ్లమట. సామాను సర్దకుండా, లారీ కిరాయి కట్టకుండా మూడు కాపురాలు చేశాం.

మాది నయం. కట్టబోయే ఫ్యూచర్ సిటీలో సిటీ కంటే ముందు కమిషనరేట్ వచ్చింది. ప్లాటు కొనగానే ఇల్లు కట్టకపోయినా ప్రహరీ కట్టి వాచ్‌మన్‌ను పెట్టుకోవడం మనవాళ్లకు అలవాటే కాబట్టి దాన్ని నేను తప్పుపట్టను.

ఈ హద్దుల మార్పు పేరు పునర్వ్యవస్థీకరణ. ఆ మాట పూర్తిగా పలికేలోపు గొలుసు దొంగ రెండు సందులు దాటేస్తాడు. పోలీసులు ప్రజలకు మరింత చేరువ అవుతారట. సంతోషం. నాకైతే పోలీసులు దూరంగా ఉన్నారన్న బాధ ఎప్పుడూ లేదు. నడిచి వెళ్లేంత దూరంలోనే రెండు స్టేషన్లు ఉన్నాయి, నా బాధంతా ఆ రెండింటి మధ్యలోనే.

నా ఫోను పోయిన సంగతి చెప్పాలి. ఏ స్టేషనో, ఎక్కడో చెప్పను. హద్దు రోడ్డు ఉన్న ప్రతి చోటా అది మీకు ఎదురయ్యే ఉంటుంది. బస్టాపులో నిలబడి మా అమ్మాయితో మాట్లాడుతున్నాను. వెనక నుంచి బైకు వచ్చింది, చెవి దగ్గర గాలి తగిలింది, చేతిలో ఫోను లేదు. నేరుగా స్టేషన్‌కు వెళ్లాను. గోడ మీద ఫ్రెండ్లీ పోలీసింగ్ అన్న పోస్టరు, నవ్వుతున్న పాప, సెల్యూట్ కొడుతున్న పోలీసు. రిసెప్షన్‌లో కుర్రాడు మర్యాదగానే కూర్చోమన్నాడు.

"ఏ పిల్లర్ కాడ సార్?"

మెట్రో వచ్చాక హైదరాబాదులో మనిషి పుట్టుకా చావూ కూడా పిల్లర్ నంబరు మీదే నడుస్తున్నాయి. నంబరు చెప్పాను.

"ఇవతలనా, అవతలనా?"

అవతల అన్నాను. అతని ముఖంలో ఎంత ప్రశాంతత వచ్చిందంటే, నా ఫోను దొరికిందేమో అనుకున్నాను.

"అది మా లిమిట్స్ కాదు సార్. డివైడర్ దాటితే వాళ్లకొస్తది."

రోడ్డు దాటాను. అవతలివాళ్లు ఇంకా లోతుగా విచారించారు. లాక్కున్నప్పుడు నేను బస్టాపులో ఉన్నాను సరే, బైకు ఎటు పోయింది? యూ టర్న్ తీసుకుని అటు పోయాడన్నాను. అయితే నేరం జరిగింది ఇక్కడే గానీ, నేరస్తుడు పోయింది అక్కడ కదా, అన్నాడు అక్కడి స్టేషన్ రైటర్. ఆ ఇంటిముందు చెట్టు, ఈ ఇంట్లో రాలే ఆకు పంచాయితీలు చాలా చూశాను. ఇంత సూక్ష్మం ఎక్కడా చూడలేదు. ఇద్దరూ కలిసి నన్ను మూడుసార్లు రోడ్డు దాటించారు. మూడోసారికి ఆటో గుద్దబోయింది. గుద్ది ఉంటే ఎవరి లిమిట్స్‌లోకి వచ్చేవాణ్ణో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. తల అటూ కాళ్లు ఇటూ పడితే మరీ ఇబ్బంది.

చివరకు ఇవతలివాళ్లే దయతలచారు. పిటిషన్ రాసుకురమ్మన్నారు. "బైకుపై వచ్చిన వ్యక్తి నా చేతిలోని ఫోను లాక్కొని పోయాడు" అని రాశాను. రైటర్ చదివి, పెన్ను మూతతో ఆ ఒక్క మాట మీద తట్టాడు.

"లాక్కున్నడు అని వద్దు సార్. జారిపోయింది అని రాయండి. ఫోన్ జల్ది దొరుకుతది."

చిన్నప్పుడు తెలుగు మాస్టారు సకర్మక క్రియ, అకర్మక క్రియ అని బెత్తం పట్టుకు చెబితే ఎక్కలేదు. ఆ రోజు ఎక్కింది. లాక్కోవడానికి కర్త కావాలి. కర్త ఉంటే కేసు కావాలి. కేసు ఉంటే నెలాఖరు లెక్కలో ఒకటి పెరుగుతుంది. జారిపోవడానికి ఎవరూ అక్కర్లేదు, భూమ్యాకర్షణ చాలు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన న్యాయ సంహితలో స్నాచింగ్‌కు ప్రత్యేకంగా 304వ సెక్షన్ పెట్టారు, మూడేళ్ల దాకా శిక్ష. ఢిల్లీలో సెక్షన్ పెట్టారు, మా రైటర్ క్రియ మార్చాడు. జారిపోయింది అనే రాశాను. ఫోను దొరకలేదు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. పోయింది ఫోనే.

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్‌లో ఒక కూతురు ఇంటికి రాలేదు. ఇంట్లోవాళ్లు స్టేషన్‌కు పరుగెత్తారు. అక్కడ కూడా ఇదే మాట: మా పరిధి కాదు. ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు పంపారు. ఎవరితోనైనా వెళ్లిపోయిందేమో అన్నారని కూడా ఆ ఇంటివాళ్లు చెప్పుకున్నారు. తెల్లవారేసరికి ఏం మిగిలిందో నేను రాయలేను. కేసు రాయడంలో ఆలస్యం చేశారని ఒక ఎస్‌ఐ, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లు సస్పెండయ్యారు. పది రోజులైనా తిరక్కుండానే చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులను కాల్చేశారు, మనం వెళ్లి పోలీసుల మీద పూలు చల్లాం. అవి కావాలని కాల్చిన కాల్పులేనని సిర్పుర్కర్ కమిషన్ తేల్చేసరికి 2022 వచ్చింది. పూల రేకుల కింద ఆ రాత్రి హద్దు తగాదా కప్పబడిపోయింది. కప్పింది మనమే.

ఆ హద్దును చెరిపే మందు కొత్తదేమీ కాదు. నేరం ఎక్కడ జరిగినా వచ్చిన స్టేషన్లోనే జీరో ఎఫ్‌ఐఆర్ రాయాలని 2013లోనే జస్టిస్ వర్మ కమిటీ అన్నది. కేసు పెట్టదగ్గ నేరమని ఫిర్యాదులో కనబడితే ఎఫ్‌ఐఆర్ రాసి తీరాలని అదే ఏడాది లలితా కుమారి తీర్పులో సుప్రీంకోర్టు అన్నది. ఇప్పుడు నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో పరిధితో నిమిత్తం లేకుండా అని అచ్చు కూడా వేశారు. అంటే చట్టంలో లిమిట్స్ లేవు. ఉన్నవల్లా రిసెప్షన్ బల్ల దగ్గరే. ఆ బల్ల దగ్గర ఒక్క మాట మాన్పించలేనివాళ్లు నగరమంతా మ్యాపు పరిచి రంగు పెన్సిళ్లు పట్టుకుని కూర్చున్నారు! గీత చెరపండయ్యా అంటే ఇంకో నాలుగు గీతలు గీసి, చూడండి ఎంత చక్కగా వచ్చాయో అంటారు. ప్రతి కొత్త గీతకూ రెండు పక్కలుంటాయి. ప్రతి పక్కనా ఒక రైటరుంటాడు.

పక్క రాష్ట్రం వాళ్లను చూసి నవ్వడానికీ లేదు. ఆ అమ్మాయికి పెట్టిన దిశ అన్న పేరుతోనే బిల్లు తెచ్చారు, 21 రోజుల్లో శిక్ష అన్నారు. దానికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు గానీ, దిశ స్టేషన్లూ దిశ యాప్ మాత్రం వచ్చేశాయి. ప్రభుత్వం మారింది, 2025లో శక్తి యాప్ వచ్చింది. ఫోను లాక్కుపోయినవాడి చేతిలో ఏ యాప్ ఉంటే ఏమిటి.

 

స్టేషన్లో నిలకడగా ఉండేవాళ్లు మాత్రం ఎవరు? ఇన్‌స్పెక్టర్‌ను కనీసం రెండేళ్లు కదపొద్దని 2006లోనే ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కదా. ఇన్‌స్పెక్టర్ గది తలుపు పైన నల్ల చెక్క మీద పేర్లు, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, తెల్ల పెయింటుతో రాసి ఉంటాయి. ఆ రోజు నా పిటిషన్ మీద స్టాంపు వేసేదాకా నాకు వేరే పని లేక చదివాను. రెండేళ్లు నిండిన పేరు వెతుక్కోవలసి వచ్చింది. చెక్క నిండిపోతే కింద ఇంకో చెక్క తగిలించారు.

మొన్న బస్సులో వస్తూ ఇంకెక్కడో స్టేషన్ ముందు ట్రాఫిక్‌లో ఆగాను. గేటు దగ్గర నిచ్చెన మీద పెయింటర్ ఉన్నాడు. బోర్డు మీద రాచకొండను అప్పుడే చెరిపేశాడు, 'రా' దీర్ఘం ఇంకా కొంచెం కనిపిస్తోంది. కింద నిలబడిన సెంట్రీని అడుగుతున్నాడు:

"అన్నా, మల్కాజిగిరి అని రాయాల్నా, మల్కాజ్‌గిరి అని రాయాల్నా?"

సెంట్రీ లోపలికి చూశాడు. లోపల్నుంచి ఎవరో "ఆగమను, పైనుంచి రావాలె" అన్నారు. పెయింటర్ బ్రష్షు డబ్బాలో పెట్టి నిచ్చెన మీదే కూర్చున్నాడు.