వాయుభక్షణ శాస్త్రం: సుల్తాన్ బజార్ సంప్రదాయం

గాలి తిని బతికేవాళ్లు మన పురాణాల్లో ఇద్దరే: తపస్సులో ఉన్న ఋషి, పుట్టలో ఉన్న పాము. బానెట్ కింద మూడో వాయుభక్షకుడు ఉన్నాడని పూర్వులు చెప్పి ఉంటే మాకీ శ్రమ తప్పేది.

అధికారి నిర్ణయం: ఏ శాస్త్రానికైనా ముందు అధికారి ఎవరో తేల్చాలి. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివేవాళ్లు రేపు అధికారులు కావచ్చు గానీ ఈ శాస్త్రానికి మాత్రం కారు. సూపర్‌చార్జర్ ఉన్న బండి కొని, అదీ చాలక ఇంకా గాలి పట్టిద్దామనుకునేవాడే దీనికి అర్హుడు. చిక్కడపల్లిలో మాకు అలాంటి మహానుభావుడు ఒకాయన దొరికాడు. సెకండ్‌హ్యాండ్ మెర్సిడెస్ సీ200. 1.8 లీటర్ల ఇంజన్. డిక్కీ మీద ‘కొంప్రెస్సర్’, అంటే సూపర్‌చార్జర్, అని వెండి అక్షరాలు. సుల్తాన్ బజార్ దాకా పక్క సీటులో కూర్చుని మేము భాష్యం రాశాం.

మొదటి సూత్రం: గాలికి బరువే బలం. కిలో పెట్రోలు సాంతం మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది కనుక విశాఖ ఒడ్డున ఇంజన్‌కు దొరికే గాలి కంటే ఇక్కడ నూటికి ఆరు పాళ్ల దాకా తక్కువ. నీళ్ల పంపకానికి ట్రిబ్యునళ్లు వేశారు గానీ ఈ అన్యాయం మీద ఇంతవరకూ ఒక కమిటీ అయినా లేదు.

రెండో సూత్రం: ఊదేవాడు ఊరికే ఊదడు. అమెరికాలో ఇండియానా రాష్ట్రపు రూట్స్ సోదరులు 1860లో ఒక బ్లోయర్‌కు పేటెంటు పుచ్చుకున్నారు. అది కొలుములకు గాలి ఊదింది. కార్లు పుట్టాక సూపర్‌చార్జర్ పేరుతో ఇంజన్లకూ ఊదసాగింది. 1921 నాటికి మెర్సిడెస్ వాళ్లు సూపర్‌చార్జర్ కార్లను ప్రదర్శనకు పెట్టారు. మన బండిలో సూపర్‌చార్జర్‌ను తిప్పే బెల్టు మాత్రం ఇంజన్‌దే. అంటే ఇంజన్ సొమ్ములోంచి కొంత కోసి, దాంతో గాలి కొని, మళ్లీ ఇంజన్‌కే పెట్టడం. కానుకల విషయంలో పెళ్లివారు ఎప్పట్నుంచో చేస్తున్నది ఇదే.

మూడో సూత్రం: నొక్కితే వేడెక్కును. మే నెలలో 42 డిగ్రీల గాలిని ఒకటిన్నర రెట్ల ఒత్తిడికి నొక్కితే, ఒట్టి లెక్క ప్రకారమే 80 డిగ్రీలు దాటుతుంది. నిజం బ్లోయర్‌లో వందకు చేరుతుంది. ప్రతి మూడు డిగ్రీల వేడికీ గాలి బరువు సుమారు నూటికి ఒక పాలు తగ్గుతుంది. అందుకే నొక్కిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్. అది చల్లబడాలంటే బండి కదలాలి. నారాయణగూడ చౌరస్తాలో బండి కదలదు. సూత్రం ఇక్కడ ఆగింది, మేమూ ఆగాం.

పూర్వపక్షం: మెకానిక్ మతం వేరు. పేపర్ ఫిల్టరు, దాని డబ్బా పీకేసి కోన్ ఫిల్టరు తగిలించాలంటాడు. “సౌండ్ సూడుండ్రి సార్, పికప్ మస్తుంటది. రాకెట్ లెక్క పోతది.” ఎక్కడిదాకా అని అడిగాం. “సిగ్నల్ దాంక సార్.” పొగ ఉంది కాబట్టి నిప్పు ఉందనడం గౌతముడి న్యాయం, చప్పుడుంది కాబట్టి శక్తి ఉందనడం గ్యారేజీ న్యాయం. డబ్బా లేని ఫిల్టరు బయటి గాలికి బదులు బానెట్ కింది వేడిగాలినే పీలుస్తుంది. పెరిగింది చప్పుడు, తగ్గింది గాలి బరువు.

నాలా సూత్రం: చల్లగాలి కోసం గొట్టాన్ని బంపర్ కిందికి దించమనే శాఖ ఒకటుంది. హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్లు మోసే నాలా అశోక్‌నగర్ పక్కనుంచే పోతుందని ఆ శాఖవారు మరిచారు. వానాకాలంలో గొట్టం గాలి మాని నీళ్లు తాగుతుంది. గాలి నొక్కితే నలుగుతుంది, నీరు నలగదు. అప్పుడు వంగేది కనెక్టింగ్ రాడ్డు, ఆపైన యజమాని నడుము.

ప్రత్యక్ష ప్రమాణం: క్లిప్పులు విప్పి ఫిల్టరు డబ్బా తెరిచాం. కాగితపు మడతల నిండా మెట్రో స్తంభం రంగు దుమ్ము, ఒక ఎండిన వేపాకు, సంక్రాంతి నాటి గులాబీరంగు మాంజా ముక్క. నేల మీద తట్టితే గుప్పెడు ధూళి రాలింది. యజమాని ముఖంలో మొదటిసారి జ్ఞానం కనిపించింది.

సిద్ధాంతం: ఇంజన్‌కు ఎంత గాలి అందేదీ తేల్చేది థ్రాటిల్, దాన్ని తెరిచేది కాలు. బండి నిలబడి ఉన్నప్పుడు థ్రాటిల్ దాదాపు మూసుకునే ఉంటుంది. లోపలి ఒత్తిడి బయటి దాంట్లో మూడోవంతు. సూపర్‌చార్జర్ ఊదిన గాలిని బైపాస్ వాల్వ్ వెనక్కి తిప్పేస్తుంది. ఈ దారి మొత్తం మీద సక్రమంగా పనిచేసే బైపాస్ అదొక్కటే. ఆరు వేల ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి ఎనిమిది వేల లీటర్లు మింగగల ఇంజన్, రెండు మూడు వందల లీటర్లతో కాలక్షేపం చేస్తుంటుంది. కొంప్రెస్సర్ కొన్న మానవుడు చిక్కడపల్లి నుంచి సుల్తాన్ బజార్ దాకా ముప్పాతిక మువ్వీసం శూన్యంలోనే ప్రయాణిస్తాడు.

ఫలశ్రుతి: ఈ శాస్త్రం చదివినవారు ఫిల్టరు మార్చుకుందురు గాక, కోన్ మానుకుందురు గాక, గొట్టాన్ని కంపెనీ పెట్టిన ఎత్తులోనే ఉంచుదురు గాక. మిగిలిన డబ్బుతో సుల్తాన్ బజార్‌కు పోదలిస్తే చిక్కడపల్లిలో మెట్రో ఎక్కండి. 2020 ఫిబ్రవరి నుంచి నడుస్తోంది, మధ్యలో నారాయణగూడ ఒక్కటే స్టేషను. అది కరెంటు బండి. దాని మోటారుకు తినడానికి గాలే అక్కర్లేదు.