సేఫ్టీ బాబాయిగారు

ఆయన అసలు పేరు రేషన్ కార్డులో ఉంది. మండపేటలో అందరికీ ఆయన సేఫ్టీ బాబాయిగారే. ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ దగ్గర పనిలో చేరి, బాయిలర్ దగ్గరే రిటైరయ్యారు. ఆవిరి బలాన్ని అంత దగ్గర్నుంచి చూసిన మనిషికి మూతున్న ప్రతి వస్తువు మీదా అనుమానమే. పెళ్ళికెళితే ముందు వంటశాలలో సిలిండరు గొట్టం వాసన చూసి, ఆ తర్వాతే వధూవరుల మీద అక్షింతలు వేస్తారు. పక్కవాడు గోలీసోడా కొడుతుంటే రెండడుగులు వెనక్కి జరుగుతారు. కుక్కరు కూత ఆలస్యమైతే పిన్నిగారు వీధరుగు మీదకి వచ్చెయ్యాల్సిందే.

ఈ రకం మనుషుల్ని పిరికివాళ్ళనుకుంటే పొరపాటు. పిరికివాడు ప్రమాదానికి దూరంగా ఉంటాడు. వీళ్ళు అదెక్కడుందో వెతుక్కుంటూ వెళ్ళి, దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటారు.

అలాంటాయనకి దేవుడు ఇంట్లో బీరు చేసుకునే అల్లుణ్ణిచ్చాడు.

కూతురుండేది టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో. తాపేశ్వరం మడత కాజాల డబ్బాలతో దిగిన బాబాయిగారికి గరాజ్‌లోంచి బుడబుడమని చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే పంతొమ్మిది లీటర్ల గాజు జాడీ, దాని నెత్తిన నీళ్ళు పోసిన చిన్న గొట్టం. అల్లుడు నీళ్ళు నములుతూ సంగతి చెప్పాడు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ నానేసి తీసిన తియ్యనీళ్ళు, అందులో హాప్స్ అనే చేదు పూలు వేసి మరగబెట్టడం, చల్లారాక ఈస్టు కలపడం. ఇంకో మామగారైతే వంశప్రతిష్ఠ ఎత్తుకునేవారు. ఈయన చేతులు వెనక్కి కట్టుకుని జాడీ చుట్టూ ప్రదక్షిణం చేసి, "సేఫ్టీ వాల్వు ఏదండీ అల్లుడుగారూ?" అన్నారు.

ఆ గొట్టమే సేఫ్టీ వాల్వని, లోపలి గ్యాసు నీళ్ళలోంచి బయటికి పోతుందిగానీ బయటి గాలి లోపలికి రాదని తెలిశాక ఆయన ముఖంలో కళ వచ్చింది. తర్వాతి ప్రశ్న, "లైసెన్సుందాండీ?" అక్కర్లేదన్నాడు అల్లుడు. 1978లో అప్పటి అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టం 1979 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. సొంత వాడకానికి చేసుకునే బీరు మీద ఫెడరల్ పన్ను లేదు. పెద్దవాళ్ళిద్దరున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్ల దాకా చేసుకోవచ్చు. బాబాయిగారు వేళ్ళమీద లెక్కేసి, "757 లీటర్లు. రోజుకి రెండు లీటర్ల పైచిలుకు! ఆ కార్టరుగారిది పెద్ద చెయ్యండీ" అన్నారు.

ఆ రోజు నుంచి బీరు అల్లుడిది, గరాజ్ మామగారిది. తలుపులు మూసిన గరాజ్‌లో గ్యాసు పొయ్యి వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడుకి వాసన కూడా ఉండదని, పొయ్యిని పెరట్లోకి నెట్టించారు. హాప్స్ వేసిన క్షణంలో గిన్నె పొంగుతుంది కాబట్టి చెప్పులు కాదు, బూట్లే. తడి చేతులతో గాజు జాడీ ఎత్తకూడదు, ప్లాస్టిక్ బుట్టలో పెట్టే ఎత్తాలి. బ్లీచు, ఆమ్లం ఒకే అలమారాలో కనిపించాయా, ఆ పూట ఆయన భోజనం మానేసినట్టే. రెండూ కలిస్తే క్లోరిన్ వస్తుంది మరి. చిత్రమేమిటంటే, ఇందులో ఒక్కటీ చాదస్తం కాదు.

అసలు పండగ సీసాలు నింపే రోజున. బీరుకి గ్యాసు పట్టడానికి మూత బిగించే ముందు లీటరుకి ఆరేడు గ్రాముల పంచదార వేస్తారు. జాడీలో పులియడం పూర్తికాకముందే తొందరపడితే, మిగిలిపోయిన తీపి కూడా సీసాలోనే పులుస్తుంది. లీటరుకి నాలుగు గ్రాములు పులిస్తే ఇంచుమించు ఇంకో లీటరు గ్యాసు. దానికి టెక్సాస్ ఎండ తోడైతే, ఆ గాజు సీసా వాల్వు లేని బాయిలరే. అందుకే తీపి ఎంత మిగిలిందో చూపే హైడ్రోమీటరు వరసగా మూడు రోజులు ఒకే అంకె చూపిస్తేగానీ మూత బిగించనివ్వలేదు. ప్రతి విడతలో ఒక ప్లాస్టిక్ కోక్ సీసా కూడా నింపించి, పొద్దున్నే స్నానం చేసొచ్చి దాన్ని నొక్కి చూసేవారు. రాయిలా గట్టిపడిందంటే గాజు సీసాలన్నిటినీ ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. ఈ తనిఖీకి ఆయన వేషం అల్లుడి క్రికెట్ హెల్మెట్, కూతురి వంట గ్లౌజులు, నుదుట విభూతి.

తాగారా అంటే, చుక్క ముట్టలేదు. ఫోన్లో పిన్నిగారు "ఎలా ఉందేంటి ఆ బీరు?" అనడిగితే, "పేల్లేదే" అన్నారు.

ఊళ్ళోకి ఆయనకంటే ముందే కబురొచ్చేసింది. టీకొట్టు దగ్గర, "బాబాయిగారూ, అక్కడ మీ అల్లుడుగారు సారా కాత్తన్నారంట కదండీ!" సారా వేరురా, దాన్ని బట్టీ పెట్టి ఆవిరి పట్టాలి, అది అమెరికాలోనూ పర్మిట్ లేకుండా చేస్తే నేరమే అని ఆయన పాఠం మొదలెట్టారు. గింజలు పులిస్తే వచ్చే మిథనాల్ లెక్కలోకి రానంత తక్కువనీ, కల్తీ సారాతో ఊళ్ళకి ఊళ్ళు చచ్చేది చాలాసార్లు ఫ్యాక్టరీల మిథనాల్ కలపడం వల్లేననీ చెప్పారు. 1995 జనవరిలో ఎన్టీ రామారావుగారు మద్యనిషేధం పెట్టాక, 97లో ఎత్తేసేదాకా, మన జనం నిషేధం లేని యానాం బస్సెక్కడం, లంకల్లో నల్లబెల్లం ఊట దొరకడం గుర్తుచేశారు. శ్రోతలకి కావలసింది చరిత్ర కాదు. "ఆయ్, అయితే మనవూ ఓ జాడీ పెడదావండీ?"

"1968 నాటి ఎక్సైజు చట్టవుందిరా. లైసెన్సు లేకుండా ఇంట్లో చేస్తే లోపలేస్తారు. దానికి సేఫ్టీ వాల్వు లేదు" అని లేచొచ్చేశారు.

అమెరికా నుంచి ఆయన తెచ్చుకున్నవి లేబుళ్ళు. అల్లుడు వాడేది కొట్లో కొన్న బీరు ఖాళీ సీసాలనే. వాటిని నానబెట్టి కాయితాలు ఊడదీసే పని మామగారిది. 1989 నుంచి అక్కడ ప్రతి సీసా మీదా ప్రభుత్వ హెచ్చరిక ఉండాలి: గర్భిణులు తాగకూడదు, తాగితే కారూ యంత్రాలూ నడిపే పటుత్వం తగ్గుతుంది. యంత్రాలన్న మాట దగ్గర ఆయనకి కళ్ళు చెమర్చాయట. ఒక లేబులు జాగ్రత్తగా లామినేషన్ చేయించి, పాత మిల్లుకి పట్టుకెళ్ళి, బాయిలర్ గదిలో ప్రెషర్ గేజీ పక్కన తగిలించి, అక్కడి కుర్రాడికి మొత్తం తెలుగులో చదివి వినిపించారు.

వాడు చేతులు కట్టుకుని చివరిదాకా విన్నాడు. "కాయితం బావుందండి, ఆయ్. మరి దీని తాలూకు సీసా ఏదండీ?"