సోలారు బ్యాటరీకి నాడి పట్టే విధానం

కరెంటు స్తంభం రాని చీనీ తోటలో సోలారు పెట్టుకున్నవాళ్లకు ఆ రాత్రి ఎప్పటికైనా తప్పదు. ఏడింటికి ఫ్యాను వేస్తే ఎనిమిదిన్నరకల్లా ఇన్వర్టరు కీచుమని అరిచి పడుకుంటుంది. కంగారు పడకండి. కదిరి పక్కన మా తోటలో రెండు 12 వోల్టుల ట్యూబులర్ బ్యాటరీలు వరుసలో కలిపి, పదేళ్లలో మూడు జతలు మార్చినవాణ్ణి చెబుతున్నాను, వినండి.

ముందు ముహూర్తం. బ్యాటరీ బలం చూడటానికి మిట్టమధ్యాహ్నాన్ని మించింది లేదు. ఎండ ఫెళఫెళా కాస్తుంటుంది, కంట్రోలరు చార్జింగు తోస్తుంటుంది, మల్టీమీటరు పెడితే 27.6 చూపిస్తుంది. కడుపు నిండిపోతుంది. అది బ్యాటరీ బలం కాదు, చార్జింగు వోల్టేజీ అని ఎవరో ఒకరు అంటారు. చార్జింగు ఆపి, లోడు తీసేసి, నాలుగైదు గంటలు ఊరికే వదిలేసి కొలవాలట. అంత ఓపికే ఉంటే బుడ్డిదీపంతోనే బతికేవాళ్లం కదా.

కొలిచేటప్పుడు రెండింటినీ కలిపే కొలవండి. విడివిడిగా చూడటం అంటే ఉమ్మడి కాపురంలో ఎవరెంత తింటున్నారో లెక్కపెట్టడమే.

మా బావ ఆ పాడుపనే చేశాడు. పొద్దు గూకాక మీటరు పట్టుకొచ్చి, లోడు లేకుండా చూస్తే ఒకటి 12.5, ఇంకోటి 12.3.

"చూశావా బావా, రెండూ గట్టివే" అన్నాను.

మాట్లాడకుండా ఫ్యానూ, బల్బులూ, మిక్సీ వేసి మళ్లీ పెట్టాడు. మొదటిది 12.2 దగ్గర నిలబడింది. రెండోది 10.4కి జారిపోయింది. రెండూ కలిపితే 22.6. ఇన్వర్టరు 21 దాకా ఓర్చుకుంటుంది కాబట్టి అప్పటికింకా మూగనోము పట్టింది. అక్కడితో ఊరుకోకుండా రెండోదాని మూతలు విప్పి, ఒక్కో సెల్లులో గ్రావిటీ మీటరు ముంచి రబ్బరు బుడ్డి నొక్కి వదిలాడు. తేలుబుడ్డి 1240 దగ్గర తేలింది. తర్వాత 1235, మళ్లీ 1240. నాలుగో సెల్లులో బుడ్డి అడుక్కి దిగి 1100 దగ్గర కూర్చుంది. మిగిలిన రెండూ బాగానే ఉన్నాయి.

"ఆరింట్లో ఐదు పాసయితే ఫస్టు క్లాసే గదా బావా?"

"పరీక్ష ఆరుమందీ కలిసి రాయాల. ఒకడు కూలబడితే అందరూ ఫెయిలే" అన్నాడు. నాకు నచ్చలేదు.

గ్రావిటీ తగ్గితే మందు సులువు: యాసిడ్ పోయండి. పోసిన వెంటనే రీడింగు లేస్తుంది. యాసిడ్‌లోని సల్ఫేటు ప్లేట్లకు పట్టుకుందని, కొత్త యాసిడ్ పోసినా ఆ పొర అట్లాగే ఉండి ప్లేట్లు ఇంకా పాడవుతాయని బావ గొణుగుతాడు. నీళ్లు తగ్గితే బోరు నీళ్లే వాడండి. మా బోరు నీళ్లు బిందెకు తెల్లగా పొక్కు కడతాయి, ఆ బలమంతా లోపలికి పోతుంది. డిస్టిల్డ్ వాటరులో ఏముంది, చప్పిడి.

రెంచి అడ్డం పెట్టి నిప్పురవ్వ చూసే పరీక్ష మాత్రం నేను కూడా మానేశాను. నిండా చార్జయ్యేటప్పుడు సెల్లుల్లోంచి హైడ్రోజన్ వస్తుందని ఒకసారి పేలి మూత ఎగిరిపోయినప్పుడు తెలిసింది. కనుబొమ్మలు మళ్లీ వచ్చాయి లెండి.

చివరికి కొనాల్సి వస్తే ఒక్కటే కొనండి, చెడిందాని చోటులో. బావ జత మార్చమన్నాడు. ఒకే కాడికి కోడెనూ ముసలెద్దునూ కట్టొద్దు అంటాడు. నేను ఒకసారి కట్టాను. ఏడాది తిరక్కముందే కొత్తది కూడా పాతదాని వయసుకొచ్చేసింది.

ఇంకొక్క మాట. బ్యాటరీ ఎన్నిసార్లు పోయినా తలెత్తి ప్యానెళ్ల వైపు చూడకండి. మా ప్యానెళ్ల మీదికి పడమటి వేపకొమ్మ వాలి ఉంటుంది, రెండు దాటాక సగానికి నీడ. బ్యాటరీ ఏ రోజూ నిండదు, నిండని బ్యాటరీలో సల్ఫేటు గట్టిపడిపోతుంది, ఆ కొమ్మను కొట్టేస్తే మూడు జతల ఖర్చు తప్పేదని బావ లెక్క. కొట్టలేదు. ఎండాకాలంలో ఫ్యాను ఆగిపోయినప్పుడు మంచం వేసుకునేది ఆ చెట్టు కిందే.