ముద్ద గాని యన్నము: జంబలాయ పద్యమునకు టీకా తాత్పర్యము

వ్యాఖ్యకు మూలమొకటి కావలెను. అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణభాగమున, మిసిసిపీ నది సముద్రమున గలియు లూసియానా రాష్ట్రమందు, కేజన్లనబడు ఫ్రెంచి సంతతివారు ఇంటింట వండుకొను జంబలాయ యను అన్నమును గూర్చి, అలబామా రాష్ట్రపు మొబీల్ నగరమున కూర్పబడి 1878లో అచ్చయిన గల్ఫ్ సిటీ కుక్‌బుక్ మొదలుకొని వంటపుస్తకములన్నియు గద్యముననే చెప్పినవి. తల్లి చేతినుండి కూతురి చేతికిని, వేటగాండ్ర విడిదిలో గరిటె పట్టిన మేనమామ చేతినుండి మేనల్లుని చేతికిని ఆ విద్య దిగివచ్చుచున్నదే కాని, దానిని నాలుగు పాదములలో బంధించి పండితులకు పని కల్పించిన వాడు మాకు కనబడలేదు. మూలము లేదని ఊరకుండుట వ్యాఖ్యాతల సంప్రదాయము కాదు గనుక, పద్యమును మేమే చెప్పి, అందలి దోషములను మేమే సమర్థించుకొన పూనితిమి.

తే. ఇనుప కుండలో మాంసంబు నెఱ్ఱఁ జేసి
యుల్లి మొదలగు మూఁటిని నొప్పఁ జేర్చి
రసము మరిగించి బియ్యంబు రాల్చి కలిపి
మూఁతఁ దీయక మగ్గింప ముద్ద గాదు.

అవతారిక. నేడు కెనడాలో నోవా స్కోషియా యనబడు ప్రాంతమున, అకాడియా యను పేర వెలసిన ఫ్రెంచి రైతుల పల్లెలు కొన్ని యుండెడివి. ఆంగ్లేయ ప్రభువుకు షరతులు లేని విధేయతా ప్రమాణము చేయ నొల్లని కారణమున 1755 మొదలుకొని ఆ రైతులను పడవల కెక్కించి నానా దిక్కులకును వెడలగొట్టగా, చెల్లాచెదరైన వారిలో కొందఱు 1765 నాటికి లూసియానా చిత్తడి నేలలు చేరి స్థిరపడిరి. అకాడియన్ అను మాటయే నోళ్లలో నలిగి కేజన్ అయినది. అయితే వారు ఆ నేలకు వరిని తెచ్చినవారు కారు. వారికి నలువదియేండ్లకు పైగా ముందే, 1719 ప్రాంతమున, ఆఫ్రికానుండి బానిసలుగా తేబడిన వారితో కూడ వరివిత్తనములును ఓడలపై వచ్చినవి. పండించు నేర్పు ఆ బానిసలది, పంట దొరలది. సెనెగాలు తీరమున నేటికిని చేపను కూరలను అన్నమును ఒక్క కుండలోనే వండు ఆచారము చూచినవారు జంబలాయకు తాత యెవ్వడో ఊహింపగలరు. ఫ్రాన్సు దక్షిణభాగమందలి ప్రోవాన్సువారు తమ పిలావును, లూసియానాను కొన్ని దశాబ్దములు పాలించిన స్పెయినువారు తమ పాయెయ్యాను ముందుకు తెచ్చి, మా బిడ్డయనగా మా బిడ్డ యని వాదులాడుదురు. మన పలావు కూడ ఈ వంశమునకు దూరపు చుట్టమే యైనను దావాలో చేరలేదు.

టీక. ఇనుప కుండలో = పోత యినుముతో చేసి, అడుగు దళసరియై, ఒకమారు వేడెక్కిన పిమ్మట వేడిని త్వరగా వదలని పాత్రయందు; మాంసంబున్ = కోడి తొడల మాంసమును, ఆండూయి యనబడు పొగబెట్టిన పందిమాంసపు సాసేజి చక్రములను; ఎఱ్ఱన్ చేసి = దీనిపై వివాదము కలదు, ముందు చెప్పబడును; ఉల్లి మొదలగు మూఁటినిన్ = ఉల్లి, సెలెరీ కాడ, క్యాప్సికమ్ అను మూడింటిని; ఒప్పన్ చేర్చి = తగినట్లు కలిపి; రసమున్ = కోడి యెముకలు కాచి వడకట్టిన నీటిని (మన చారు కాదు; ఇచ్చట ఎసరని యర్థము); బియ్యంబున్ = పొడుగు గింజ బియ్యమును; రాల్చి = ఒకే చోట కుప్ప పడకుండ జల్లి; మూఁతన్ తీయక = మూత నెత్తక; మగ్గింపన్ = సన్నని సెగను ఉంచగా; ముద్ద కాదు = గింజకు గింజ అంటదు.

కర్తృపదము పద్యమున లేదు. జంబలాయ యను పదమును అధ్యాహారము చేసికొనవలెను. కవి దానినేల విడిచెననగా, ఆ పేరు యొక్క పుట్టుక పండితులకే తేలలేదు. ప్రోవాన్సు భాషలో కలగాపులగమునకు వాడు మాట ఇదే యని కొందఱందురు. పందిమాంసపు ‘జాంబోన్’ ముందు నిలిపి, నడుమ ఫ్రెంచి విభక్తి యొకటి చొప్పించి, కడపట ‘యా’ యనగా ఆఫ్రికా భాషలో బియ్యమని చెప్పి మూడు ముక్కలు అతికించువారును కలరు. ఇట్టి వ్యుత్పత్తులు మన శాస్త్రులు మాత్రమే చెప్పగలరనుకొనుట దేశాభిమానము.

ఇక వ్యాకరణము. చేసి, చేర్చి, మరిగించి, రాల్చి, కలిపి యని క్త్వార్థకములు వరుసగా ఐదు పడినవి. క్త్వార్థకము పూర్వకాలమును తెలుపును గనుక, ఒకటి ముగియనిదే మఱియొకటి మొదలిడరాదని తాత్పర్యము. ఆఫీసునుండి ఆలసించి వచ్చిన గృహస్థు అన్నింటిని ఒక్కమారుగా కుండలో వేసి పొయ్యి వెలిగించినచో, అతడు వండినది జంబలాయ కాదు. క్త్వార్థకములన్నింటిని ద్వంద్వసమాసము చేసిన దోషమునకు గుఱియగును.

ఇప్పుడు పూర్వపక్షము. ‘ఎఱ్ఱఁ జేసి’ యనుచోట న్యూ ఓర్లీన్సు నగరపు క్రియోలు శాఖవారు మిక్కిలి సంతోషింతురు. ఎఱుపనగా టొమాటో యెఱుపే యని, తమ నగరమున వండు జంబలాయ టొమాటోలతో ఎఱ్ఱగా నుండుట జగత్ప్రసిద్ధమని, కావున ఈ పద్యము తమ మతమునే చెప్పుచున్నదని వారి వాదము. ఇది నిలువదు. చేయు క్రియకు కర్మ మాంసము కాని అన్నము కాదు; మాంసమును ఎఱ్ఱ చేయుటకు టొమాటో పనికిరాదు, పైపెచ్చు అడ్డము. ఉల్లిపాయలు ఎఱ్ఱగా వేయించుమనిన అత్తగారి మాటకు ఏ కోడలును టొమాటో రసము పోయలేదు. కావున ఎఱుపనగా ఇచ్చట వేగుటచే కలుగు గోధుమ వర్ణమే యని లోకవ్యవహారము. మఱియు, ఎఱ్ఱ చేయుట మొదటి పాదమునను, ద్రవము మూడవ పాదమునను ఉన్నవి గదా. పల్లెపట్టుల కేజన్ల జంబలాయ గోధుమ వర్ణమున నుండుటయు, 1968 మొదలు ఏటేట జంబలాయ ఉత్సవము జరుపుచు, తన్ను ప్రపంచ జంబలాయ రాజధానిగా చెప్పుకొను గొంజాలెస్ పట్టణమున కట్టెల మంటపై పెద్ద పెద్ద ఇనుప కాగులలో పందెము వేసి వండునదియు ఈ వర్ణముననే యుండుటయు ఈ యర్థమునకు సాక్ష్యము. క్రియోలు జంబలాయ రుచి లేనిదని మేమనము. అది వేఱు పద్యము, వారే వ్రాసికొనవలెను.

ఈ యెఱుపు ఎట్లు కలుగునో కొంత విస్తరింపవలసియున్నది. పద్యమునకు ప్రాణము ఇదియే. తక్కిన మూడు పాదములు దీని నీడన బ్రదుకుచున్నవి. మన వంటయింట ‘అడుగంటినది’ యనుట నింద. ఆ మాట వినబడగానే వండినవారు తల వంచుకొందురు. కేజన్ వంటలో అడుగంటనిది జంబలాయయే కాదు. సాసేజి చక్రములు కుండలో పడి మొదట తమ కొవ్వును తామే విడుచును; ఆ కొవ్వులో కోడిముక్కలను ఒకదానినొకటి తాకకుండ పరచి, గరిటె ప్రక్కన బెట్టి చూడగా, ముక్క ముందు కుండను గట్టిగా పట్టుకొనును. అప్పుడు తొందరపడి లాగినచో పైపొర చినిగి కుండకే మిగులును. నాలుగైదు నిమిషములు ఓర్చుకొన్నచో రంగు తిరిగి తానే కుండను వదలును. ఇట్లు విడతలుగా వేయించిన పిమ్మట అడుగున రాగిరంగు పొర యొకటి మిగులును. అప్పుడు తరిగిన ఉల్లి వేయగా చుయ్యిమని ఆవిరి లేచి, ఉల్లి విడిచిన నీటికి ఆ పొర మెత్తబడి, చెక్క గరిటె నడిచిన దారి వెంట పాయలుగా లేచివచ్చును. తెల్లని ఉల్లిముక్క చూచుచుండగనే ఇంగువ రంగునకు తిరుగును. జంబలాయ రంగు ఇదియే. బియ్యపు గింజ దీనినే త్రాగును.

దీనికి శాస్త్రప్రమాణము కూడ కలదు. మాంసమందలి అమైనో ఆమ్లములును చక్కెరలును వేడికి కలిసి రంగును సువాసనను పుట్టించు చర్యను 1912లో లూయీ కామీయ్ మయార్ అను ఫ్రెంచి రసాయనవేత్త వెల్లడించెను. ఆ చర్య చుఱుకుగా సాగుటకు ఇంచుమించు 140 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావలెను. కుండలో నీరున్నంతవఱకు వేడి 100 డిగ్రీలు దాటదు. ముక్కలను క్రిక్కిరియ వేసినచో అవి విడిచిన నీటిలో అవియే ఉడికి తెల్లబోవును. టొమాటోను ముందే వేయరాదనుటకును, క్త్వార్థకముల వరుస తప్పరాదనుటకును కారణమిదే. కవికి రసాయనశాస్త్రము తెలియదు గాని ఛందస్సు ఆయనను కాపాడినది.

అడుగంటుట వేఱు, మాడుట వేఱు. పొర రాగిరంగు దాటి నలుపునకు మళ్లినచో చేదెక్కును, ఆ చేదును ఎన్ని సుగంధములును మాన్పలేవు. అడుగంటని నాన్‌స్టిక్ పాత్రలు దోసెలకు ప్రశస్తములగుగాక, ఈ పద్యమునకు అధికారులు కావు. మూలమున ‘ఇనుప’ యను విశేషణము వ్యర్థముగా పడలేదు. కొందఱు నూనెలో చెంచాడు చక్కెర వేసి, అది రాగిరంగు తిరిగిన పిమ్మట మాంసము వేయుదురు. ఆపద్ధర్మముగా దీనిని అంగీకరింతుము. సీసాలలో అమ్ము గోధుమరంగు ద్రవము పోయుట మాత్రము పరుల పద్యమునకు తన మకుటము తగిలించుట వంటిది.

‘మూఁటిని’ అనుచోట ఎక్కువ చెప్పనక్కఱలేదు. కేజన్లు కాథలిక్కులగుటచే ఈ మూడింటిని పరిశుద్ధ త్రిత్వమని భక్తితో పిలుతురు. పాల్ ప్రుడోమ్ వంటి పాకశాస్త్రజ్ఞుల వలన ఆ పేరు లోకమెల్ల ప్రాకినది. ఫ్రాన్సు వంటలో ఉల్లి, సెలెరీలతో క్యారెట్టు కూడియుండును. లూసియానాలో క్యారెట్టు పీఠమును క్యాప్సికమ్ ఆక్రమించినది. వెల్లుల్లి నాలుగవది. త్రిత్వమునకు భంగము కలుగునని దానిని పేర్కొనరు గాని వేయని యిల్లు లేదు.

బియ్యము పొడుగు గింజదిగా నుండవలెను. లూసియానాలోని క్రౌలీ పట్టణము చుట్టును వరి పండును, 1937 నుండి అచ్చట వరి యుత్సవము కూడ కలదు. పొడుగు గింజలో అమైలోసు అను పిండిపదార్థపు పాలు హెచ్చు. అందువలన ఉడికినను గింజ విడిగా నిలుచును. పొట్టి గింజ బియ్యముతో వండి నాలుగవ పాదమును నిందించువారికి మేము జవాబుదారులము కాము.

‘మూఁతఁ దీయక’ యనుచోట ఓర్పు లేనివారు ‘మూఁతఁ దీయుచు’ నని పాఠాంతరమును కల్పింతురు. గణములు చెడవు, యతియు చెడదు, అన్నము చెడును. మూత క్రింద ఆవిరి నిలిచిననే పై గింజ ఉడుకును. క్షణక్షణము తీసి చూచినచో పైది పలుకై క్రిందిది మెత్తనగును. ఇంక గరిటె పెట్టి త్రిప్పితిమా, గింజలొరసి పిండి వదలి ముద్ద కట్టును. ‘కలిపి’ యను క్రియ మూతకు ముందే పడినదని గమనింపవలెను. మూత తీసిన పిమ్మట చేయదగినది ఒకటే: అడుగునుండి పైకి మెల్లగా తిరగవేయుట.

తాత్పర్యము. ఆరుగురు తిను ఇంటికి, నాలుగువందల గ్రాముల ఆండూయిని, ఏడువందల గ్రాముల కోడిమాంసమును చెప్పిన రీతిని ఎఱ్ఱగా వేయించి తీసి, ఆ కుండలోనే రెండు పెద్ద ఉల్లిపాయలను, ఒక క్యాప్సికమును, రెండు సెలెరీ కాడలను తరిగి మగ్గనిచ్చి, వెల్లుల్లి, థైము, బిరియానీ ఆకు వంటి బే ఆకు, మిరియములు, కాయెన్ మిరపపొడి వేసి, మాంసమును తిరిగి చేర్చి, రెండు కప్పుల బియ్యమునకు నాలుగు కప్పులకు కొంచెము తక్కువగా ఎసరు పోసి మరిగించి, ఎసరును చవిచూడవలెను. అది నాలుకకు ఒక పిసరు ఉప్పనగా తోచిననే సరి, ఏలయనగా చప్పని బియ్యము ఇంకను పడవలసియున్నది. బియ్యము రాల్చి, తిరిగి మరుగు వచ్చినంతనే సెగ తగ్గించి మూత బిగించి, ఇరువదియైదు నిమిషములు అట్లే యుంచి, పొయ్యి ఆర్పి, ఇంకొక పది నిమిషములు ముట్టక, తరువాత తిరగవేసి వడ్డింపవలెను.

విశేషములు. 1952లో హ్యాంక్ విలియమ్స్ పాడిన జంబలాయ పాట వలన, ఈ అన్నమును ఎన్నడును తినని దేశములవారు కూడ దీని పేరును కూనిరాగము తీయుచున్నారు. ఆ పాట విని వంట నేర్వజూచుట మాత్రము వ్యర్థము. ఉల్లికాడలు తరిగి పైన జల్లుట పద్యమున చోటు చాలమిచే చెప్పబడలేదు. లూసియానాలోని ఏవరీ దీవిలో 1868 నుండి మాకిలెన్నీ కుటుంబమువారు చేయుచున్న టబాస్కో మిరప ద్రవము సీసా భోజనపు బల్లపై నుండును. వండినవారు పళ్లెమువంక చూచుచున్నప్పుడు, ఒక్క ముద్దయైనను తినకమునుపే దానిని చల్లుకొనరాదు. వారు మఱియొకరికి వడ్డించుటకు అటు తిరిగినపుడు ఎన్ని చుక్కలైనను చల్లుకొనవచ్చును.